మూసీ వరద నుండి నల్లా మీటరు వరకు

హైదరాబాదు నగరమున నీటిని అంకెలతో లెక్కించు అలవాటు రెండు భయముల వలన బలపడినది. నీరు ఒక్కమాటుగా వచ్చి ముంచివేయునను భయము మొదటిది. నీరు చాలక గొంతు లెండునను భయము రెండవది. మొదటి భయము 1908 తరువాత వరద లెక్కలను, వాని ననుసరించి పెద్ద జలాశయములను తెచ్చెను. రెండవ భయము ఇంటి గుమ్మము వద్దకే ఒక చిన్న యంత్రమును తెచ్చెను. దానినే మనము నల్లా మీటరు అనుచున్నాము. దాని ముఖము మీది అంకెలను నెలకొకసారి వచ్చు ఉద్యోగి చదివి పోవును. ఇంటివారు మాత్రము బిల్లులోని రూపాయలనే చూతురు. ఈ వ్యాసమున ఆ అంకెల వెనుకనున్న చరిత్రను, వాని సహాయముతో ఇంటిలోని లీకులను కనిపెట్టు విధమును తెలిసికొందము.

శంషాబాదున కురిసిన వాన

కందుకూరు అనగానే కోస్తావారికి వేరొక ఊరు స్ఫురించును. ఇచట చెప్పుచున్నది రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు రహదారి మీదనున్న కందుకూరు. దానికి ఉత్తరపు దిక్కున, 2008 మార్చి నుండి విమానాశ్రయమునకు నెలవైన శంషాబాదు కలదు. ఈ ప్రాంతమంతయు గ్రానైటు శిల మీద నిలిచిన పీఠభూమి. గట్టి శిలలో నీరు నిలువజాలదు. పైనున్న శిథిలమైన పొరలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే కొంత నిలుచును. అందుచేత మన పూర్వులు వాన నీటిని ఎక్కడికక్కడ కట్టలు వేసి ఆపిరి. ఊరూర చెరువు, ఒక చెరువు అలుగు పారి మరియొక చెరువును నింపుట, ఇదియే తెలంగాణపు పాత నీటి ఏర్పాటు.

1908 సెప్టెంబరు చివరి దినములలో ఈ ఏర్పాటునకు గొప్ప పరీక్ష వచ్చెను. శంషాబాదులోని వర్షమాపకమున 24 గంటలలో 12.8 అంగుళముల వాన, 48 గంటలలో 18.9 అంగుళముల వాన నమోదయ్యెను. విద్యార్థులు ఈ అంకెను ఒకసారి విప్పి చూడవలెను. అంగుళమునకు 25.4 మిల్లీమీటర్ల చొప్పున 18.9 అంగుళములు 480 మిల్లీమీటర్లు, అనగా దాదాపు అర మీటరు. ఒక చదరపు కిలోమీటరు నేల మీద అంత వాన కురిసినచో ఆ నీరు 48 కోట్ల లీటర్లగును. నగరమునకు ఎగువన మూసీ నదికి నీరు తెచ్చు ప్రదేశము సుమారు 860 చదరపు మైళ్ళు. అందున్న చెరువులు 788. అనగా ఇంచుమించు చదరపు మైలునకు ఒకటి. వానిలో 221 చెరువులు తెగిపోయెను. పై చెరువు తెగినప్పుడు దాని నీరంతయు క్రింది చెరువు మీద పడును. అదియు తెగినచో రెండింటి నీరును మూడవదాని మీద పడును. సెప్టెంబరు 28న ఆ నీరు నగరమును ముంచెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి.

విశ్వేశ్వరయ్యగారి ఉపాయము

నిజాము ప్రభుత్వము 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని సలహాదారుగా పిలిపించెను. పైన చెప్పిన వాన లెక్కలను, చెరువుల లెక్కలను ఆయన పరిశీలించెను. వరదను నగరములో ఆపుట సాధ్యము కాదు, నగరమునకు ఎగువనే ఆపవలెను అనునది ఆయన నిర్ణయము. మూసీ మీద ఒకటి, దాని ఉపనది యైన ఈసీ మీద ఒకటి, రెండు జలాశయములు కట్టవలెనని సూచించెను. ఆ సూచన ననుసరించి గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్ 1920లోను, శంషాబాదు చేరువనున్న హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను. మొదటిదానిలో 3.9 శతకోటి ఘనపుటడుగుల నీరు, రెండవదానిలో దాదాపు 3 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టును. 3.9 శతకోటి ఘనపుటడుగులన సుమారు 11,000 కోట్ల లీటర్లు.

వరద నాపుటకు కట్టిన కట్టలే నగరమునకు త్రాగునీరు నిచ్చినవి. దీనివలన నగరపు నీటి చరిత్ర మలుపు తిరిగెను. అంతకుముందు గోలకొండ కోటలో మట్టి గొట్టముల ద్వారా నీటిని పైకి తెచ్చుకొనిరి. 16వ శతాబ్దిలో కట్టిన హుస్సేన్‌సాగర్, 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో కట్టిన మీర్ ఆలం చెరువు, ఇండ్లలోని బావులు ప్రజల అవసరములు తీర్చెను. ఉస్మాన్‌సాగర్ వచ్చిన తరువాత నీరు తనంత తాను పల్లమునకు పారి, ఆసిఫ్‌నగరులోని వడపోత కేంద్రమునకు చేరి, శుద్ధియై గొట్టములలోనికి ప్రవేశించెను. జలాశయము నగరముకన్న ఎత్తున నుండుటచేత నీటిని ఎత్తిపోయు ఖర్చు దాదాపు లేదు. భూమ్యాకర్షణశక్తియే కూలి తీసికొనని పనివాడుగా నుండెను.

రోము నగరపు అధికారి, లివర్‌పూలు ఇంజనీరు

నీరు గొట్టములలోనికి వచ్చినది మొదలు ఒక ప్రశ్న పుట్టును. పంపిన నీరెంత? చేరిన నీరెంత? ఈ ప్రశ్న నూతనమైనది కాదు. క్రీ. శ. 97లో రోము నగరపు జలాధికారిగా నియమితుడైన ఫ్రాంటినస్ అను నతడు పదవి చేపట్టగానే కాలువల ఖాతాలను తెప్పించి చూచెను. ఖాతాలోని లెక్కకును, ఊట వద్ద తాను కొలిచిన నీటికిని, నగరమున పంచిన నీటికిని పొత్తు కుదరలేదు. వీధుల క్రింద గొట్టములకు దొంగతనముగా రంధ్రములు పొడిచి నీరు తీసికొనువారిని ఆయన పట్టుకొనెను. కాని ఆయన కొలతలోనే ఒక లోపముండెను. గొట్టము నోటి వైశాల్యమును మాత్రమే కొలిచెను గాని, నీటి వేగమును కొలుచు సాధనము ఆ కాలమున లేకుండెను. వైశాల్యమును వేగముచే గుణించిననే ప్రవాహ పరిమాణము వచ్చునని నేడు ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలియును.

వేగమును, దానితోపాటు మొత్తమును లెక్కించు మీటర్లు 19వ శతాబ్దిలో వ్యాపించెను. 1850ల తొలినాళ్ళలో ఇంగ్లండున నివసించుచుండిన విలియం సీమెన్సు నీటి ధారచే తిరుగు చక్రముగల మీటరును తయారుచేసెను. అటు తరువాత 1873లో లివర్‌పూలు నగరపు ఇంజనీరు జార్జి డీకను కల్పించిన పరికరము మన కథకు మిక్కిలి దగ్గరిది. లీకుల వలన నీరు చాలక ఆ నగరమున దినమునకు కొన్ని గంటలు మాత్రమే నీరు వదలు పరిస్థితి ఏర్పడెను. డీకను ఏ యింటికి ఎంత నీరు పోవుచున్నదని అడుగలేదు. ఒక పేటకు పోవు పెద్ద గొట్టమునకు తన మీటరును తగిలించెను. అందులో ఒక శంకువు ఆకారపు గొట్టమున పళ్ళెము వేలాడుచుండును. నీరు ఎక్కువగా పారినచో అది క్రిందికి దిగును, తగ్గినచో పైకి లేచును. దానికి తగిలించిన పెన్సిలు గడియారముచే తిరుగుచున్న కాగితపు చుట్ట మీద గీత గీయును.

ఆ గీతలో ఒక సత్యము బయటపడెను. నడిరేయి, ఊరంతయు నిద్రించు వేళ, నీరు వాడువారు దాదాపు ఉండరు. ఐనను గీత సున్నకు దిగలేదు. ఆ రాత్రివేళ పారు నీటిలో అధిక భాగము లీకే గదా! అప్పుడు ఉద్యోగులు వీధి వెంట నడచి ఒక్కొక్క యింటి వాల్వు మూయుదురు. ఏ వాల్వు మూసినప్పుడు గీత దిగునో ఆ యింటి వైపున లీకున్నట్లు. ఇనుప కడ్డీని వాల్వు మీద ఆనించి చెవి పెట్టినచో నీరు బుసకొట్టు శబ్దము కూడ వినవచ్చును. ఈ పద్ధతిచే దుబారా తగ్గి లివర్‌పూలునకు తిరిగి ఇరువదినాలుగు గంటల నీరు లభించెను. రాత్రివేళ మీటరు చూడుమను ఈ సూత్రమునే నేటికిని ప్రపంచమున అనేక నగరములు అనుసరించుచున్నవి.

దూరమైన నీరు

హైదరాబాదు పెరిగినకొలది జంట జలాశయములు చాలకపోయెను. 1965లో మంజీర నది నీరు వచ్చెను. 1989లో నగరపు నీటి సరఫరా, మురుగునీటి పారుదల బాధ్యతలు ప్రత్యేక బోర్డునకు అప్పగింపబడెను. 1990లలో సింగూరు నీరు, 2004లో కృష్ణా నీరు, 2015లో గోదావరి నీరు నగరమునకు చేరెను. కృష్ణా నీరు నాగార్జునసాగరు జలాశయము నుండి వంద కిలోమీటర్లకు పైబడి గొట్టములలో ప్రయాణము చేయును.

దూరముకన్న ఎత్తు ముఖ్యమైనది. నాగార్జునసాగరు నిండినప్పుడు నీటి మట్టము 590 అడుగులు, అనగా సముద్రమట్టమునకు సుమారు 180 మీటర్ల ఎత్తు. హైదరాబాదు సుమారు 500 మీటర్ల ఎత్తున నున్నది. ఒక కిలోలీటరు నీటి బరువు 1,000 కిలోగ్రాములు. దానిని 320 మీటర్లు ఎత్తుటకు కావలసిన శక్తి 1,000 × 9.8 × 320, అనగా సుమారు 31 లక్షల జౌళ్ళు. ఒక యూనిటు విద్యుత్తు 36 లక్షల జౌళ్ళు. కనుక కిలోలీటరుకు 0.87 యూనిటు. పంపులలోను, గొట్టముల రాపిడిలోను నష్టమగు శక్తిని చేర్చినచో ఒక యూనిటు దాటును. 1920లో ఊరక దొర్లివచ్చిన నీటికిని, నేడు మెట్లెక్కి వచ్చు నీటికిని ఇదియే భేదము. లీకులో పోవునది నీరు మాత్రమే కాదు. దానిలో దాగిన విద్యుత్తు కూడ.

కందుకూరు వంటి గ్రామ ప్రాంతములకు నదీజలముల నందించుటకై 2016లో మిషన్ భగీరథ ప్రారంభమయ్యెను. గ్రామములలో మనిషికి దినమునకు 100 లీటర్లు ఇచ్చుట దాని లక్ష్యముగా నిర్ణయించిరి. బావిలో చేదవేసి తోడుకొన్న తాతల కాలమున తోడినవారి భుజమే మీటరు. ఎవరును ఊరక పారబోయలేదు. నల్లా త్రిప్పినంతనే నీరు వచ్చు కాలమున భుజమునకు బదులు అంకె కావలసివచ్చినది.

బిల్లును చదువు విధము

ఇంటి మీటరు లోపల ఒక చిన్న రెక్కల చక్రముండును. నీరు సన్నని రంధ్రముల గుండా వచ్చి దానిని త్రిప్పును. ఇన్ని చుట్లకు ఇన్ని లీటర్లను లెక్కతో పండ్లచక్రములు అంకెలను కదల్చును. సాధారణముగా నల్ల అంకెలు కిలోలీటర్లను, ఎర్ర అంకెలు అంతకు తక్కువ భాగములను చూపును. ఒక కిలోలీటరు 1,000 లీటర్లు. అదియే ఒక ఘనపు మీటరు.

బిల్లులో ముందుగా చూడవలసినవి నాలుగు. ఒకటి, ఖాతా సంఖ్య. దీనిని వాడుకలో క్యాను నంబరు అందురు. రెండు, గత నెల అంకె. మూడు, ఈ నెల అంకె. ఈ రెండింటి భేదమే వాడుక. నాలుగు, బిల్లు మీటరు చదివి వేసినదా, లేక అంచనా మీద వేసినదా యనునది. బిల్లులోని అంకెను మీటరు ముఖముతో పోల్చి చూడవలెను. బిల్లు అంకెకన్న మీటరు అంకె తక్కువగా నున్నచో ఎక్కడో పొరపాటు జరిగినట్లు. నీటి రుసుముతోపాటు మురుగునీటి పారుదలకు అదనపు రుసుము కూడ నుండును.

2021 జనవరిలో నగరమున గృహములకు నెలకు 20 కిలోలీటర్ల వరకు ఉచితముగా నిచ్చు పథకము ప్రారంభమయ్యెను. విడి యిండ్లకు పనిచేయు మీటరు ఉండవలెనని నియమము పెట్టిరి. ఈ 20 అను అంకె కొంత ఆలోచింపదగినది. పట్టణములలో మనిషికి దినమునకు 135 లీటర్లు కావలెనని మన దేశపు ప్రమాణము. ఐదుగురున్న కుటుంబమునకు దినమునకు 675 లీటర్లు. ముప్పది దినములకు 20,250 లీటర్లు. అనగా ఉచిత పరిమితి ఐదుగురి సగటు అవసరమునకు సరిగా సరిపోవును.

ఇందులో ఒక చిక్కు కలదు. ముగ్గురున్న యింట ప్రమాణము ప్రకారము 12 కిలోలీటర్లు చాలును. ఆ యింట నెలకు 7 కిలోలీటర్లు లీకులో పోవుచున్నను మొత్తము 19 మాత్రమే. బిల్లు సున్నగా వచ్చును. ఇంటివారికి అనుమానమే కలుగదు. పూర్వము జేబునకు తగిలిన దెబ్బ లీకును చూపెడిది; ఇప్పుడు ఆ దెబ్బ లేదు. అందుచేత రూపాయల వరుసను కాక కిలోలీటర్ల వరుసను చదువుట మునుపటికన్న నేడు ఎక్కువ అవసరము.

ఒక మిల్లీమీటరు రంధ్రము

చుక్కలుగా కారు నల్లాను చూచి మనము విసుగుకొందుము. సెకనునకు ఒక చుక్క చొప్పున, ఇరువది చుక్కలు ఒక మిల్లీలీటరని లెక్కించినచో దినమునకు 4.3 లీటర్లు, నెలకు సుమారు 130 లీటర్లు. ఇది కంటికి కనబడు లీకు, చిన్నది. పెద్ద లీకులు కంటికి కనబడవు.

మూడంతస్తుల మిద్దె మీద ట్యాంకున్నదనుకొందము. నేల వద్ద గొట్టములో నీటి ఎత్తు 10 మీటర్లు. అచట ఒక మిల్లీమీటరు వ్యాసముగల రంధ్రము పడినది. 17వ శతాబ్దిలో టారిసెల్లి కనుగొన్న సూత్రము ప్రకారము నీరు సెకనునకు 14 మీటర్ల వేగముతో వెలువడును. రంధ్రము వద్ద ధార సన్నబడుటచే లెక్కలో 60 వంతులే తీసికొన్నను, సెకనునకు 6.6 మిల్లీలీటర్లు వచ్చును. దినమునకు 570 లీటర్లు; నెలకు 17 కిలోలీటర్లు! సూదిబెజ్జమంత రంధ్రము ఒక కుటుంబపు నెల నీటిని దాదాపు మ్రింగివేయును. అది కృష్ణా నీరైనచో, నగరమునకు ఎత్తుటకు వెచ్చించిన సుమారు 15 యూనిట్ల విద్యుత్తు కూడ దానితో నేలపాలగును.

ఇంటిలో చేయదగిన పరీక్షలు

పాశ్చాత్య దేశముల పుస్తకములలో, నల్లాలన్నియు కట్టివేసి మీటరు తిరుగుచున్నదేమో చూడుమని వ్రాయుదురు. అచట గొట్టములలో నిరంతరము నీరుండును. మన నగరమున నీరు కొన్ని గంటలే వచ్చును. అది సంపులో పడి, అచటినుండి పంపుతో మిద్దె మీదికెక్కును. అందుచేత మన పరీక్షలు నాలుగు భాగములుగా నుండవలెను.

మొదటిది: నీరు వచ్చు వేళ సంపునకు పోవు వాల్వును, మీటరు నుండి నేరుగా వచ్చు నల్లాలను మూసి మీటరును చూడవలెను. దానిలోని చిన్న నక్షత్ర చక్రము తిరుగుచున్నచో మీటరునకును సంపునకును మధ్య లీకున్నది. నీరు రాబోవు ముందు గొట్టములోని గాలి కూడ చక్రమును త్రిప్పును గనుక, ధార నిలకడగా వచ్చిన తరువాతనే చూడవలెను.

రెండవది: నీరు వచ్చుట ఆగిన రాత్రి, పంపు వేయకుండ, సంపులో కర్ర ముంచి తడి గుర్తు పెట్టవలెను. తెల్లవారి మరల ముంచి చూడవలెను. సంపు రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గలదైనచో ఒక సెంటీమీటరు తగ్గుదల 40 లీటర్ల నష్టము. నీరు వచ్చు వేళ సంపు నిండి పొర్లిపోవుచున్నదేమో కూడ చూడవలెను. తేలు బంతి చెడుటయే దానికి సాధారణ కారణము.

మూడవది: రాత్రి అందరు పడుకొనిన పిదప మిద్దె ట్యాంకులో అట్లే గుర్తు పెట్టవలెను. 1.1 మీటరు వ్యాసముగల గుండ్రని ట్యాంకులో ఒక సెంటీమీటరునకు సుమారు తొమ్మిదిన్నర లీటర్లు. ఇది డీకను చేసిన రాత్రి పరీక్షకు ఇంటి రూపము.

నాలుగవది: మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో కొంచెము రంగు సిరా పోసి అరగంట వాడకుండ విడువవలెను. రంగు దొడ్డి పళ్ళెములో కనబడినచో లోపలి రబ్బరు మూత చెడినది. శబ్దము లేకుండ రాత్రింబవళ్ళు కారు లీకులలో ఇది ముఖ్యమైనది.

రెండు వైపుల తెరచిన ద్వారము

లీకు వలన నీరు బయటికి పోవుట ఒక నష్టము. బయటి మురికి లోపలికి వచ్చుట అంతకన్న పెద్ద నష్టము. నీరు వచ్చు వేళ గొట్టములో ఒత్తిడి ఎక్కువ గనుక నీరు రంధ్రము గుండా బయటికి చిమ్మును. నీరు నిలిపిన తరువాత ఒత్తిడి పోయి, గొట్టము ఖాళీయగును. అప్పుడు చుట్టుప్రక్కల మురుగునీరు నిలిచియున్నచో అది ఆ రంధ్రము గుండానే లోపల ప్రవేశించును. మరునాడు మొదటి బిందెలో వచ్చు దుర్వాసనకు ఇది ఒక కారణము. కలరా, సన్నిపాతజ్వరము, కామెర్లు ఈ దారినే ఇంటికి వచ్చుటకు అవకాశము కలదు. మొదటి నీరు రంగు మారి, వాసన వేసినచో దానిని త్రాగక, వెంటనే నీటి అధికారులకు తెలుపవలెను.

మీటర్లు లేని ఊళ్ళలో కూడ ఈ విద్యను అభ్యసింపవచ్చును. ఒక బిందె, ఒక గడియారము చాలును. పది లీటర్ల బిందె 40 సెకనులలో నిండినచో నల్లా నిమిషమునకు 15 లీటర్లు ఇచ్చుచున్నట్లు. వీధి మొదటి యింటను, నడుమ యింటను, చివరి యింటను ఒకే వేళ కొలిచి పోల్చవలెను. ఇంటింట నల్లా తెరచి యుండుటలో పెద్ద భేదము లేకున్నను, రెండు ఇండ్ల నడుమ ధార హఠాత్తుగా తగ్గినచో ఆ నడుమ గొట్టమును పరీక్షింపవలసి యుండును. ఉపాధ్యాయులు తరగతి పిల్లలచేత ఒక వారము దినములు, ప్రతిదినము ఒకే వేళకు, ఇంటి మీటరు అంకెను గాని, మీటరు లేనిచోట బిందెల సంఖ్యను గాని వ్రాయించి, గ్రాఫు కాగితము మీద గీయింపవచ్చును. మనుషుల సంఖ్యచే భాగించి 100తోను, 135తోను పోల్చినచో ఎవరింట నీరు చాలుటలేదో, ఎవరింట వ్యర్థమగుచున్నదో తెలియును. గణితము, భౌతికశాస్త్రము, పౌరనీతి మూడును ఆ ఒక్క కాగితము మీద కలిసికొనును.

1908లో ఒక చెరువు తెగి క్రింది చెరువును తెంపినట్లే, నేడు ఒక యింటి లీకు క్రింది యింటి ధారను తగ్గించును. వీధి మొదట పోయిన ఒత్తిడి వీధి చివర నున్నవారికి అందదు. చివరి యింటివారు ట్యాంకరును కొనుక్కొందురు. కొనలేనివారు బిందెతో నిలుచుందురు. మన యింటి బిల్లు సున్నగా వచ్చినను ఆ లోటు ఎవరో ఒకరు చెల్లించుచునే యుందురు. మీటరు ముఖము మీది ఎర్ర అంకెలను రాత్రి పడుకొనబోవు ముందు ఒకసారి, తెల్లవారి నీరు రాకముందు ఒకసారి చూచుటకు రెండు నిమిషములు పట్టును. ఆ రెండు అంకెలు సమానముగా నున్నచో నీరు రాని వేళ మీటరు తిరుగుట లేదని మాత్రమే తెలియును; లీకు లేదని కాదు. కనుక లీకు పరీక్షలను నీరు వచ్చు వేళ చేయు మొదటి పరీక్ష నుండియే మొదలు పెట్టవలెను.